గోడకెక్కిన నెమలికంఠం రంగు

నీలం ఎక్కడ ఆగిందో, ఆకుపచ్చ ఎక్కడ మొదలైందో తేల్చలేని ముదురు రంగును తెలుగువారు నెమలికంఠం రంగు అంటారు. చీరల కొట్టులో ఈ మాట చెబితే చాలు, మరో ప్రశ్న లేకుండా సరైన చీరే మడత విప్పుతారు. అదే రంగు గోడకు కావాలంటే మాత్రం పెయింట్ల షాపులో ‘టీల్’ అని అడగాలి. టీల్ అనేది ఒక చిన్న బాతు. ఉత్తర యూరప్, ఉత్తర ఆసియాల నుంచి చలికాలంలో వలస వచ్చి కొల్లేరు, పులికాట్ సరస్సుల్లోనూ దిగుతుంది. మగబాతు తల ఎర్రగోధుమ రంగులో ఉంటుంది. దాని మీద కంటి నుంచి మెడ వెనక్కి ఒక మెరిసే పట్టీ సాగుతుంది. ఇంగ్లీషులో రంగుకు పేరిచ్చింది ఆ పట్టీయే. ఆ మాట రంగు పేరుగా మొదటిసారి నమోదైంది 1917లో. నెమలిని ఎదురుగా చూస్తూ పెరిగిన భాషలకు అంత ఆలస్యం కాలేదు.

అయితే నెమలి మెడలో నిజానికి ఆ రంగు పదార్థమేదీ లేదు. ఈకల్లోని అతి సన్నని నల్లటి కడ్డీలు వరుసగా పేర్చినట్టు ఉండి, వెలుతురులోని కొన్ని రంగులనే వెనక్కి కొడతాయి. ఈకను నూరితే మిగిలేది నల్లటి పొడి. కాబట్టి నెమలి నుంచి పేరు తీసుకోవచ్చు గానీ రంగు తీసుకోలేం. గోడకు ఆ రంగు పూయాలనుకున్న ప్రతి కాలంలోనూ మనుషులు వెతికింది దాదాపుగా ఒకే లోహాన్ని: రాగిని. తెలుగులోని మయిలుతుత్తం అనే మాటలోనే ఈ సంగతి దాగి ఉంది. సంస్కృతంలో మయూరతుత్థం, అంటే నెమలి రంగు తుత్థం. రసాయన శాస్త్రం దాన్ని కాపర్ సల్ఫేట్ అంటుంది.

రాగి రంగు గోడల్లో బాగా పాతది ఈజిప్టులో దొరికింది. క్రీ.పూ. 27వ శతాబ్దంలో జోసర్ రాజు సక్కారా దగ్గర మెట్ల పిరమిడ్ కట్టించుకున్నాడు. దాని కింద నేలమాళిగల్లో కొన్ని గదుల గోడలకు వేల కొద్దీ చిన్న నీలిపచ్చ పలకలు పొదిగారు. పలుగురాయి పొడిని ముద్దచేసి, రాగి కలిసిన పూతతో కాల్చిన పలకలవి. రాజభవనంలో గోడలకు రెల్లు చాపలు వేలాడదీసేవారు; ఆ చాపల అల్లికనే పలకలతో అనుకరించారు. సమాధిలో ఉన్నా, చూపించింది ఇంటినే. రెల్లు మొలిచే నీటి రంగు, పచ్చదనం రంగు రాజుకు అక్కడ కూడా కావాలనుకున్నారు.

ఈజిప్టువాళ్లు అక్కడితో ఆగలేదు. ఇసుక, సున్నపురాయి, రాగి, కొంచెం క్షారం కలిపి తొమ్మిది వందల డిగ్రీల దరిదాపుల్లో గంటల తరబడి కాల్చి నీలి గడ్డను తయారుచేశారు. దాన్ని నూరితే ఈజిప్షియన్ బ్లూ. మనిషి చేత్తో తయారైన తొలి రంగు పొడి ఇదేనని పండితులు సాధారణంగా ఒప్పుకుంటారు. పాళ్లు, వేడి కాస్త మారితే అది ఆకుపచ్చకు తిరిగేది. రోమన్లకు కూడా ఈ విద్య తెలుసు. పుటియోలిలో వెస్టోరియస్ అనే వ్యక్తి దీని తయారీ పెట్టాడని, ఇసుకనూ రాగి రజనునూ ఉండలు చేసి కొలిమిలో కాల్చేవారని రోమన్ వాస్తుశిల్పి విట్రువియస్ రాశాడు. పాంపేయి ఇళ్ల గోడల మీద ఆ రంగు ఉంది. సున్నం మీద చెక్కుచెదరని రంగు ఇది. ఇంత మంచి రంగు చేసే పద్ధతి రోమన్ సామ్రాజ్యం పోయాక క్రమంగా మరుగున పడింది.

రాగి అవసరం లేకుండానే గోడను నీలిపచ్చ చేసినవాళ్లూ ఉన్నారు. మధ్య అమెరికాలోని మాయా ప్రజలు నీలి మొక్క రంగును ఒక రకం బంకమట్టితో కలిపి వేడిచేసేవారు. మట్టి కణాల సందుల్లో నీలి రంగు చిక్కుకుపోయి, ఎండకూ తేమకూ లొంగని రంగుగా మారేది. క్రీ.శ. 8వ శతాబ్దం చివరిలో వేసిన బొనాంపాక్ కుడ్యచిత్రాల్లో ఇప్పటికీ అది కనబడుతుంది. నీలి మొక్క తెలుగునాటా పండింది. కడప, నెల్లూరు ప్రాంతాలు ఒకప్పుడు దానికి పేరుపొందాయి. కానీ ఇక్కడ అది బట్టకే పరిమితమైంది. బంకమట్టితో దాన్ని గోడకు కట్టేసే ఉపాయం ఇక్కడివాళ్లకు తట్టలేదు. తట్టి ఉంటే తెలుగు ఇళ్ల గోడల కథ మరోలా ఉండేదేమో.

దక్కన్‌లో నెమలికంఠం రంగు గోడ ఎక్కింది పలకల రూపంలోనే. బీదర్‌లో 1472లో పూర్తయిన మహమూద్ గవాన్ మదరసా ముఖభాగానికి పర్షియన్ తరహా రంగు పలకలు పొదిగారు. హైదరాబాద్ పాతబస్తీలో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన బాద్‌షాహీ ఆషుర్‌ఖానా లోపలి గోడలకు 1611 నాటికి ఆ పని పూర్తయింది. ఫిరోజీ అనే లేత నీలిపచ్చ, ముదురు నీలం, ఆకుపచ్చ, పసుపు ముక్కలను కోసి, కలంకారీలా నిండుగా పేర్చిన గోడలవి. ఇక్కడ కూడా ఫిరోజీ రంగు రాగిదే. పూతలో సోడా, పొటాష్ వంటి క్షారం ఎక్కువగా ఉంటే రాగి ఫిరోజీ రంగు తేలుతుంది. పూత సీసంతో చేసినదైతే అదే రాగి పచ్చగా మారుతుంది. కుమ్మరి చేతిలో పాళ్లు మారితే నీలం పచ్చ అవుతుందన్నమాట. 1908 మూసీ వరదల్లో ఆషుర్‌ఖానా గోడల కింది భాగం పలకలు దెబ్బతిన్నాయి, పైభాగంలోవి నిలిచాయి. ఫిరోజీ అన్న మాట హైదరాబాదీల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. పాతబస్తీ ఇళ్ల గోడల మీద ఆ రంగూ కనిపిస్తుంది.

పలకలు పాలకుల ఖర్చు. మామూలు గోడకు, గుడి పైకప్పుకు కావలసింది పూసే రంగు. అక్కడే ఇబ్బంది వచ్చింది. అజంతా చిత్రకారులు నీలానికి బదక్షాన్ నుంచి వచ్చే లాజవర్దం రాయిని నూరుకున్నారు. పచ్చకు పచ్చమన్ను వాడారు. లాజవర్దం ఖరీదైనది, పచ్చమన్ను మందకొడి రంగు. 16వ శతాబ్దంలో లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు మీద వేసిన బొమ్మల్లో కావి, పసుపు, నలుపు, తెలుపు, మట్టి ఛాయలే రాజ్యమేలుతాయి. నీలం దాదాపు కనబడదు. అదే బొమ్మల్లోని చీరల అంచులు, పూల డిజైన్లు చూస్తే రంగుల మీద ఆ కాలానికి మోజు తక్కువేమీ కాదని తెలుస్తుంది. మోజు ఉంది, సున్నం మీద నిలిచే చౌక నీలం లేదు.

ఇంటి గోడ సంగతికి వస్తే తెలుగునాట దాని ప్రధాన రంగు తెలుపే. ఊళ్లలో సున్నపురాయిని, కోస్తాలో గుల్లలను బట్టీల్లో కాల్చి సున్నం చేసేవారు. తొట్టిలో నీళ్లు పోస్తే బుసబుసమని పొంగి విరిగిన సున్నాన్ని వడగట్టి, తుమ్మజిగురో గంజో కలిపి, ఈతమట్టను చితక్కొట్టి చేసిన కుంచెతో గోడకు వేసేవారు. సంక్రాంతికీ పెళ్లికీ వెల్ల వేయనిదే ఇల్లు ఇల్లుగా అనిపించేది కాదు. గోడ అడుగున ఎర్రమన్నుతో పట్టె తీసేవారు. సున్నం తడి ఆరి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా గట్టిపడుతుంది. ఈ లోపల అందులో కలిపిన ఏ రంగైనా ఘాటైన క్షారాన్ని తట్టుకోవాలి. చాలా రంగులు తట్టుకోలేవు.

తట్టుకున్న వాటిలో ఒకటి నీలిమందు. ఈ మాటకు తెలుగులో రెండు అర్థాలున్నాయి. మొదటిది నీలి మొక్క నుంచి తీసిన అసలు నీలి. రెండోది బట్టలకు పెట్టే నీలం పొడి, అంటే కృత్రిమ అల్ట్రామెరిన్. దీన్ని 1826–28 మధ్య ఫ్రాన్స్‌లో గిమే, జర్మనీలో గ్మెలిన్ విడివిడిగా తయారుచేశారు. లాజవర్దంతో పోలిస్తే ధూళి ధర. సున్నంలో చిటికెడు వేస్తే పసుపు ఛాయ పోయి తెలుపు మరింత తెల్లగా కనబడేది, పిడికెడు వేస్తే గోడ లేత ఆకాశం రంగులోకి తిరిగేది. కానీ అది శుద్ధ నీలం. నెమలికంఠంలోని పచ్చ అందులో లేదు.

పచ్చ కావాలంటే మళ్లీ మయిలుతుత్తమే. పుస్తకాలు కుట్టేవాళ్లూ, పోస్టర్లు అంటించేవాళ్లూ మైదా జిగురు ఉడికించేటప్పుడు పురుగు పట్టకుండా దీన్ని కలపడం మామూలే. అదే ఉద్దేశంతో వెల్లలోనూ వేస్తే గోడకు పాచి పట్టదు, చీడ చేరదు, పైగా ఒక లేత నీలిపచ్చ వస్తుంది. జోధ్‌పూర్ నీలి ఇళ్లకు కారణం కూడా సున్నంలో కలిపిన ఈ తుత్థమేనని చెబుతారు. అక్కడ జరిగే మార్పు సులువైనదే: కాపర్ సల్ఫేట్ సున్నంతో కలిసి కాపర్ హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. సున్నం తక్కువైతే పచ్చకు, ఎక్కువైతే నీలానికి మొగ్గుతుంది. ఇదే మిశ్రమం పొలంలో బోర్డో మిశ్రమం. ఫ్రాన్స్‌లోని మెడాక్ ప్రాంతంలో దారి పక్క ద్రాక్ష తీగలకు, పళ్లు కోసుకుపోయేవాళ్లు జంకాలని, ఈ నీలిపచ్చ ద్రావణం చల్లేవారు. ఆ తీగలకే తెగులు సోకడం లేదని 1882లో మియార్దే అనే వృక్షశాస్త్రవేత్త గమనించి, 1885లో ప్రకటించాడు. ఇప్పుడు బత్తాయి, మామిడి తోటల్లో చెట్ల మొదళ్లకు పూసే బోర్డో పేస్టు రంగును చూస్తే, మయిలుతుత్తం కలిపిన వెల్ల ఎలా ఉండేదో ఊహించుకోవడం కష్టం కాదు. ఎంత తుత్థం పోసినా సున్నం తెలుపు దాన్ని మింగేస్తుంది. లేత రంగే గానీ నిండైన నెమలికంఠం సున్నపు గోడకు దక్కలేదు.

ఆ నిండుదనం యూరప్, అమెరికా ఇళ్లకు నూనె రంగుల వల్ల దక్కింది. మొదట్లో వాడింది రాగి చిలుమునే. రాగి రేకులను పుల్లటి ద్రాక్ష పిప్పి మధ్య పేర్చి, పైకి తేలిన చిలుమును గీకి ఎండబెట్టేవారు. దక్షిణ ఫ్రాన్స్‌లోని మోన్‌పెలియే పట్టణంలో ఆడవాళ్లు ఇళ్ల నేలమాళిగల్లోనే ఈ పని చేసేవారు. నూనెలో కలిపినప్పుడు ఈ రంగు నీలిపచ్చగా ఉండి, వారాల్లోనే పచ్చకు తిరుగుతుంది, దశాబ్దాల్లో గోధుమకు దిగుతుంది. జార్జ్ వాషింగ్టన్ మౌంట్ వెర్నన్‌లో తన చిన్న భోజనాల గదికి 1785లో ఈ రంగే వేయించాడు. రెండు వందల ఏళ్ల తర్వాత, 1980ల మొదట్లో పొరలు పరీక్షించి గదికి మళ్లీ అసలు రంగు వేసినప్పుడు చూడవచ్చినవాళ్లు ఉలిక్కిపడ్డారు. పాతకాలం అంటే మెత్తని, వెలిసిన రంగులని వాళ్ల నమ్మకం. వెలిసింది కాలం వల్ల. వేసినప్పుడు అది కళ్లు చెదిరే రంగు.

1700ల తొలి దశకంలో బెర్లిన్‌లో డీస్‌బాక్ అనే రంగుల తయారీదారు ఎర్ర రంగు చేయబోయాడు. వాడిన పొటాష్‌లో జంతు రక్తం మలినాలు కలిసి ఉండడంతో ఎరుపుకు బదులు గాఢమైన నీలం దిగింది. అదే ప్రష్యన్ బ్లూ. దీనికి పసుపుమన్ను కలిపితే ముదురు నెమలి ఛాయలు చౌకగా వచ్చాయి. నూనెలో బాగా పనిచేసే ఈ రంగు సున్నంలో మాత్రం చచ్చిపోతుంది; క్షారం దాన్ని తుప్పు రంగు మరకగా మారుస్తుంది. వెల్ల వేసే దేశాలకు అందుకే అది పనికిరాలేదు.

తర్వాత వచ్చింది విషపు రంగు. 1775లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త షీలే రాగినీ ఆర్సెనిక్‌నూ కలిపి ప్రకాశవంతమైన పచ్చను తయారుచేశాడు. 1814లో జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్‌లో ఇంకా మెరిసే, కాస్త నీలం తొంగిచూసే ఎమరాల్డ్ గ్రీన్ వచ్చింది. గోడ కాగితాల మీద దీన్ని ధారాళంగా అచ్చువేశారు. తేమ పట్టిన గదుల్లో ఆ కాగితాల నుంచి వెల్లుల్లి వాసన వచ్చేది; మనుషులు జబ్బుపడేవారు. కాగితం వెనక జిగురులో పెరిగే బూజు ఆర్సెనిక్‌ను వాయువుగా మారుస్తోందని 1890లలో ఇటలీలో గోసియో అనే శాస్త్రవేత్త చూపించాడు. ఆ వాయువు అనుకున్నంత విషం కాదని, రాలిన రంగు ధూళే అసలు ప్రమాదమని తర్వాతి పరిశోధకులు వాదించారు. గోడ కాగితాలకు పేరుమోసిన విలియమ్ మోరిస్ కుటుంబ ఆస్తి డెవాన్‌లోని ఒక రాగి గని వాటాల్లో ఉండేది, ఆ గని ఆర్సెనిక్‌నూ అమ్మేది. ఎమరాల్డ్ గ్రీన్ గోడలను వదిలాక కూడా పురుగుమందుగా చాలాకాలం బతికింది.

నెమలి రంగు గదుల్లో అన్నిటికన్నా పేరుపొందింది లండన్‌లో తయారైంది. 49 ప్రిన్సెస్ గేట్‌లో లివర్‌పూల్ ఓడల వ్యాపారి ఫ్రెడరిక్ లేలాండ్ ఇల్లు. భోజనాల గదిలో చైనా పింగాణీ పెట్టుకోవడానికి థామస్ జెకిల్ అనే వాస్తుశిల్పి అలమరలు అమర్చి, గోడలకు ఎర్ర పూలున్న పాత తోలు తాపడం చేశాడు. పొయ్యి మీద చిత్రకారుడు జేమ్స్ విస్లర్ గీసిన పటం తగిలించారు. 1876లో జెకిల్ జబ్బుపడడంతో పని విస్లర్ చేతికి వచ్చింది. తోలు మీది ఎరుపు తన పటాన్ని చంపేస్తోందని విస్లర్ అభ్యంతరం. కాస్త సరిదిద్దమని అనుమతిచ్చి లేలాండ్ లివర్‌పూల్ వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి విలువైన తోలంతా నీలిపచ్చ అయింది. కప్పు మీద నెమలి పింఛాల వరసలు, కిటికీ తలుపుల మీద బంగారు నెమళ్లు వెలిశాయి. కప్పు మీది బంగారం మాత్రం బంగారం కాదు, రాగి, జింకు కలిపిన డచ్ మెటల్ రేకు.

విస్లర్ రెండు వేల గినీలు అడిగాడు. లేలాండ్ వెయ్యి పౌన్లిచ్చాడు. సగమే ఇవ్వడం ఒక అవమానం; గినీల్లో కాక పౌన్లలో ఇవ్వడం రెండో అవమానం, ఎందుకంటే కళాకారులకు గినీల్లో, పనివాళ్లకు పౌన్లలో చెల్లించడం అప్పటి మర్యాద. విస్లర్ దక్షిణ గోడ మీద పోట్లాడుకునే రెండు నెమళ్లను గీసి కసి తీర్చుకున్నాడు. ఒకదాని పాదాల దగ్గర వెండి నాణేలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఆ పక్షి ఎవరో చూసినవాళ్లందరికీ అర్థమైంది. విచిత్రం ఏమిటంటే లేలాండ్ ఆ గదిని చెరపలేదు, చనిపోయేవరకూ అందులోనే భోజనం చేశాడు. 1904లో అమెరికన్ వ్యాపారి చార్లెస్ ఫ్రీర్ గది మొత్తాన్ని కొని, ఊడదీయించి డెట్రాయిట్‌కు తరలించాడు. 1923 నుంచి అది వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. జెకిల్ మాత్రం మతి చలించి 1881లో మానసిక చికిత్సాలయంలో కన్నుమూశాడు.

ఆసుపత్రి గోడలకు కూడా ఈ నీలిపచ్చ కుటుంబపు రంగులు 20వ శతాబ్దంలోనే చేరాయి. 1914లో శాన్‌ఫ్రాన్సిస్కో శస్త్రవైద్యుడు హ్యారీ షెర్మన్ ఆపరేషన్ గదికి తెలుపు మాని పాలకూర పచ్చ వేయించాడు. రక్తపు ఎరుపును చూసి చూసి తెల్లగోడ వైపు తిరిగితే కళ్లు బైర్లు కమ్ముతాయి. ఎరుపుకు ఎదురు రంగైన నీలిపచ్చ మీద ఆ ఇబ్బంది ఉండదు.

అసలు మలుపు ఒక పగిలిన పాత్ర వల్ల వచ్చింది. 1928లో స్కాట్లండ్‌లోని గ్రేంజ్‌మౌత్ రంగుల కర్మాగారంలో థాలిమైడ్ అనే పదార్థం తయారుచేసే ఇనుప పాత్ర లోపలి పింగాణీ పూత బీటలిచ్చింది. ఇనుము తగిలిన చోట ముదురు నీలిపచ్చ మకిలి ఏర్పడింది. దాన్ని పారేయకుండా పరిశీలిస్తే, అది యాసిడ్‌కూ క్షారానికీ వేడికీ చలించలేదు. 1930లలో లిన్‌స్టెడ్ అనే రసాయన శాస్త్రవేత్త దాని నిర్మాణాన్ని విప్పి థాలోసయనిన్ అని పేరు పెట్టాడు. ఇనుము స్థానంలో రాగిని కూర్చోబెడితే రంగు ఇంకా శుభ్రంగా వచ్చింది. ఐసీఐ సంస్థ 1935లో మోనాస్ట్రల్ బ్లూ పేరుతో దాన్ని అమ్మకానికి పెట్టింది. ఇదే పదార్థాన్ని 1927లోనే స్విట్జర్లాండ్‌లో చేతికి అందుకుని, ఏమిటో పూర్తిగా తేల్చుకోలేకపోయిన ఇద్దరిలో ఒకరి పేరూ డీస్‌బాకే. రెండు వందల ఏళ్ల తేడాతో రెండు గొప్ప నీలాల దగ్గర అదే ఇంటిపేరు తారసపడడం రంగుల చరిత్రలో ఒక సరదా సంగతి.

థాలో నీలం అణువులో నాలుగు నైట్రోజన్ల మధ్య ఒక్క రాగి పరమాణువు బందీగా ఉంటుంది. చిలుములోలా అది బయటకు రాదు, సున్నానికి లొంగదు. అణువు అంచున ఉన్న పదహారు హైడ్రోజన్ల స్థానంలో క్లోరిన్ చేరుస్తూపోతే నీలం పచ్చగా మారుతుంది. ఈ రెండింటినీ కలిపి, కాస్త నలుపు తగిలిస్తే టీల్. చరిత్రలో మొదటిసారి నెమలికంఠం రంగు చౌకగా, విషం లేకుండా, ఏ గోడ మీదైనా నిలిచేదిగా దొరికింది. ఈ రంగు పొడుల తయారీలో ఇప్పుడు భారతదేశం ముందు వరసలో ఉంది; ఫ్యాక్టరీలు ఎక్కువగా గుజరాత్‌లో ఉన్నాయి.

తెలుగు ఇళ్లకు అది డిస్టెంపర్ డబ్బాలో వచ్చింది. సుద్దపొడి, జిగురు, రంగు కలిసిన డిస్టెంపర్‌ను నీళ్లలో కలుపుకుని వేసుకోవడమే. వెల్లతో పోలిస్తే నాజూకు, కానీ వీపు ఆనిస్తే చొక్కాకు అంటుకునేది. ఏషియన్ పెయింట్స్ 1942లో బొంబాయిలో మొదలైంది. దాని ‘ట్రాక్టర్’ డిస్టెంపర్, ఆర్.కె. లక్ష్మణ్ 1954లో గీసిన గట్టూ బొమ్మ చిన్న ఊళ్ల షాపుల దాకా వెళ్లాయి. బయటి గోడకు స్నోసెం సిమెంట్ పెయింట్. వెల్లకు బదులు లేత నీలం, లేత పచ్చ, మధ్యలో ఉండే సముద్రం రంగు హాళ్లను, వంటిళ్లను ఆక్రమించాయి. ఆఫీసులు, బడులు, ఆసుపత్రుల్లో గోడ కింది సగానికి మరక పడని ఆయిల్ పెయింట్ వేసి, పైన గీత కొట్టి వదిలేసేవారు. ఆ కింది సగం చాలా చోట్ల నీలిపచ్చే. ఒక తరానికి ఆ రంగుతో ముడిపడింది ఇంటి అందం కాదు, క్యూలో నిలబడ్డ జ్ఞాపకం. నెమలికంఠాన్ని హాలులోకి తెచ్చుకోవడానికి తర్వాతివాళ్లు కొంతకాలం జంకడానికి అదీ ఒక కారణం కావచ్చు.

1990ల తర్వాత షాపుల్లో రంగులు కలిపే మెషీన్లు రావడంతో లేత, ముదురు తేడా ధర విషయంగా మాత్రమే మిగిలింది. ముదురు టీల్‌కు తెలుపు తక్కువగా ఉండే డీప్ బేస్ కావాలి. థాలో రంగుకు ఘాటు ఎక్కువ, కప్పే శక్తి తక్కువ. పలచటి పొరలోంచి కింది గోడ కనబడుతుంది. రెండు కోట్లతో సరిపెట్టబోతే రోలర్ చారలు తేలతాయి, మూడో కోటు తప్పదు. లప్పం ఎగుడుదిగుడుగా ఉంటే పక్కనుంచి పడే వెలుతురులో ప్రతి గీతా పట్టిస్తుంది. తేమ గోడలో ఉప్పు ఊరితే లేత రంగు మీద కనబడనిది, దీని మీద తెల్లటి మచ్చగా తేలుతుంది. పడిన వెలుతురులో చాలావరకు మింగేసే రంగు కాబట్టి, కిటికీ ఒక్కటే ఉన్న గదిలో నాలుగు గోడలకూ వేస్తే పట్టపగలే లైటు వేసుకోవాలి. ఇప్పుడు చాలామంది మంచం తలాపి వైపు గోడకో, టీవీ వెనక గోడకో మాత్రమే వేయించి, మిగతా మూడింటినీ తెల్లగా వదులుతున్నారు. ఇత్తడి దీపపు కుందెలు, టేకు చెక్క దాని పక్కన బాగా తేలతాయి.

పాత ఇళ్లలో ఇంకో పని ఉంది. సున్నం పొరల మీద నేరుగా ఎమల్షన్ వేస్తే కొన్నాళ్లకే పొలుసులుగా ఊడుతుంది. అందుకే పెయింటర్లు ముందు గోడను గీకి, ప్రైమర్ వేశాకే రంగు వేస్తారు. గీకేటప్పుడు ఆ గోడ తన కథ తానే బయటపెడుతుంది. పైన డిస్టెంపర్ సముద్రం రంగు, దాని కింద నీలిమందు కలిపిన వెల్ల, ఇంకా కింద ఎప్పుడో తుత్థం వేసిన లేత పచ్చ పొర, అడుగున తెల్లటి సున్నం.